వెనక్కి తిప్పిన తీగ

బాబూలాల్ తాతగారికి మనుషుల ముఖాలు సరిగా గుర్తుండవు. గొంతులు మాత్రం గుర్తుంటాయి. గుమ్మంలో నుంచి ఎవరైనా "ఉన్నారా అండీ" అంటే చాలు, లోపలి గదిలో నుంచే "రండి శ్రీనివాసరావు గారూ, మోకాలు ఎలా ఉంది?" అని పలకరిస్తారు. అదే మనిషి వీధిలో ఎదురుపడితే కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ, అతను నోరు తెరిచేదాకా చూస్తూ నిలబడతారు.

తెనాలిలో కాలవకి దగ్గరగా మా మేనత్త ఇల్లుంది. దాన్ని ఆనుకునే ఆయన ఇల్లు. నేను నాలుగేళ్ళ కిందట పేరాల నుంచి ఇక్కడికి వచ్చాను. మా ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. నాన్నకి నడుము పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేకపోయాక, తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయింది. కొన్నాళ్ళు కండెలకి నూలు చుట్టాను, తెగిన పోగులు అతికాను. తరవాత మేనత్త తీసుకొచ్చి కుట్టు మిషను ముందు కూర్చోబెట్టింది. మిషను వరండాలో ఉంటుంది. అక్కడ కూర్చుంటే తాతగారి ముందు గది కిటికీ సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. చీరలకి ఫాల్స్ కుడుతూ ఆ కిటికీ చూడడం నాకు అలవాటైపోయింది.

ఆ గది నిండా పాత రేడియోలు, టేపు రికార్డర్లు. తాతగారికి ఎనభై రెండేళ్ళు. పంతొమ్మిదో ఏట నుంచి అదే పని. ఇప్పుడు బాగుచేయమని ఎవరూ ఏమీ తేవడం లేదు. అయినా పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, బల్ల ముందు కూర్చుని ఏదో ఒకటి విప్పుతారు, బిగిస్తారు. అన్నిటికంటే పెద్ద పెట్టె ఒకటి మూలన దుప్పటి కప్పుకుని ఉంటుంది. వారానికి ఒకసారి దుప్పటి తీసి తుడిచి మళ్ళీ కప్పుతారు.

"అదేంటి మామ్మగారూ?" అని అక్తర్ బేగం గారిని ఒకసారి అడిగాను. ఆవిడ తాతగారి భార్య.

"నా సవతి" అన్నారావిడ బియ్యం ఏరుతూ. "నాకంటే మూడేళ్ళు ముందొచ్చింది ఈయన దగ్గరికి. చూశావుగా, చలికాలం దానికి కొత్త దుప్పటి, నాకు చిరిగింది."

లోపలి నుంచి తాతగారు, "నీకూ కొన్నాను, నువ్వు బీరువాలో దాచుకున్నావు" అన్నారు.

"దాచుకోక? దాన్నీ ఏ రేడియోకో కప్పేస్తావుగా!"

ఆ పెట్టె తీగ మిషనని, టేపు రాకముందు మాటలు తీగ మీద ఎక్కేవని తాతగారే నాకు చెప్పారు. తల వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ. అరచేతిలో పట్టే ఉండకి మైలు పైన పొడుగున చుట్టి ఉంటుంది. మైకులో మాట్లాడితే మాట కరెంటుగా మారి, మిషనులో ఉన్న అయస్కాంతం మీదుగా ఆ తీగకి అంటుతుంది. ఒక ఉండ మీద గంటసేపటి మాటలు పడతాయి. వెనక్కి తిప్పి మళ్ళీ నడిపిస్తే అదే మాట వినిపిస్తుంది.

"తీగకి మంచి జ్ఞాపకం ఉంటుందమ్మా" అన్నారు. "కాకపోతే ఒక గుణం. దాని మీద కొత్త మాట ఎక్కిస్తే పాతది మొత్తం పోతుంది. మళ్ళీ ఎంత బతిమాలినా రాదు."

ఆ మాట అని ఆయన లేచి, పెట్టె మీద దుప్పటి సర్దేశారు.

మొన్న ఆషాఢంలో బాపట్ల నుంచి సీతాలక్ష్మి గారు వచ్చారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, రిటైరైన టీచరు. ఏటా ఒకసారి ఆవిడ ఫోను చేయడం, "మా నాన్నగారి తీగ బాగయిందా అండీ?" అని అడగడం, "ఇంకా లేదమ్మా, చిక్కు పడి ఉంది" అని తాతగారు చెప్పడం నాకు తెలుసు. కిటికీలో నుంచి ఆ మాటలు నాలుగుసార్లు విన్నాను. మనిషిని చూడడం మాత్రం అదే మొదలు. రైలు దిగి ఎండలో నడిచొచ్చారు. మామ్మగారు మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా చెప్పారు.

"బాబూలాల్ గారూ, ఎడం చెవి పోయి రెండేళ్ళయింది. కుడిచెవి కూడా వచ్చే ఏడాదికి ఉండదన్నారు గుంటూరు డాక్టరు. చెవికి మిషను పెట్టుకున్నా లాభం ఉండదట. నాన్నగారి గొంతు ఒక్కసారి వినాలని ఉంది. అంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను."

తాతగారు బల్ల మీదున్న స్క్రూడ్రైవరు తీసుకున్నారు, పెట్టారు. "చిక్కు పడిందమ్మా. తెగింది కూడా. నా కళ్ళు ఇదివరకటిలా లేవు."

"ఇంకెవరూ తీయలేరా?"

"లేరమ్మా."

ఆవిడ వెళ్ళిపోయారు. నేను మిషను తొక్కడం ఆపి చూస్తున్నాను. ఆ సాయంత్రం ధైర్యం చేసుకుని వాళ్ళ గుమ్మం ఎక్కాను. "తాతగారూ, చిక్కు నేను తీస్తాను. మాది నేతవాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు నేను చేసింది అదే పని" అన్నాను. అంత పొడుగు మాట ఆయనతో అనడం అదే మొదటిసారేమో.

"వద్దులే. అందులో ఏమీ లేదు" అన్నారు.

మామ్మగారు వంటింట్లో నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. "ఏమీ లేకపోతే అరవై ఏళ్ళ నుంచి నా బియ్యం డబ్బా వెనక ఎందుకు దాస్తున్నట్టు? చూడమ్మా, నువ్వు చూడు."

మూత తీశాను. పిచ్చుక గూడులా ఉంది. సన్నటి ఉక్కు తీగ మెలికలు తిరిగి, ఒకదానిలో ఒకటి దూరి, మధ్యలో ఉండ ఇరుక్కుపోయి. దాన్ని తాకబోయాను. నా చేతిలో అప్పటికి నేలమీద పడిన గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం ముక్క ఉంది. మిషను దగ్గర నుంచి లేచేటప్పుడు మరిచిపోయి అలాగే తెచ్చుకున్నాను.

"ఆ చెయ్యి తియ్!" అని తాతగారు అరిచారు.

ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. బిత్తరపోయి వెనక్కి జరిగాను. అయస్కాంతం తగిలితే తీగ మీది మాటలు చెరిగిపోతాయట. ఆయన దాన్ని నా చేతిలో నుంచి లాక్కుని వీధి గుమ్మం అవతలికి విసిరేశారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఏమీ లేదన్నావుగా" అన్నారు మామ్మగారు మెల్లగా.

అప్పుడు చెప్పారు.

అది 1961. రేపల్లెలో పద్యాల పోటీ పెట్టారు. ఊళ్ళ నుంచి నాటకాల వాళ్ళు వచ్చారు. కృష్ణ అవతలి నుంచి కూడా పెనుమూడి రేవు దాటి జనం వచ్చారు. తెనాలిలో బసవేశ్వరరావు గారని మైకుసెట్ల షాపు ఆయన ఉండేవారు. మద్రాసులో పాత సామాన్ల బజారులో ఈ తీగ మిషను కొన్నది ఆయనే. తాతగారికి పని నేర్పిందీ, తరవాత మిషను ఇచ్చేసిందీ ఆయనే. ఆ రోజు ఆయనకి వేరే పని తగిలి, పంతొమ్మిదేళ్ళ బాబూలాల్‌ని ఒక్కడినే పంపారు. పాసింజరు రైల్లో మిషను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. తీగ ఒకటే ఉంది. పాడేవాళ్ళు చాలామంది. అందుకని మనిషికి ఒక పద్యం.

బసవేశ్వరరావు గారి షాపులో ఒక పద్ధతి ఉండేది. జనం "వన్స్ మోర్" అంటే తీగ వెనక్కి తిప్పాలి, అదే చోట రెండోసారి పాడింది ఎక్కించాలి. రెండోసారి పాడేటప్పుడు గాయకుడు ఇంకా ఊపు మీద ఉంటాడు, రాగం ఇంకా పొడుగు తీస్తాడు. పైగా తీగ ఆదా. ఎన్నోసార్లు చేశారలా. ఎప్పుడూ తప్పు పోలేదు.

యజ్ఞనారాయణ గారు బాపట్లలో బడిపంతులు. సీతాలక్ష్మి గారి నాన్న. రాజ్యం పోగొట్టుకున్న రాజు వేషంలో ఆయన పద్యం ఎత్తుకుంటే జనం కుర్చీల్లో నుంచి లేచి నిలబడేవారట. ఆ రోజు మొదటి వంతు ఆయనదే. పాడబోయే ముందు మిషను దగ్గరికి వచ్చి, "అబ్బాయ్, బాగా ఎక్కించు. మా అమ్మాయికి ఆటలమ్మ పోసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. వస్తానని ఒకటే ఏడుపు. తీగ మీద తెస్తాను, ఇంట్లోనే విందువుగాని అని మాటిచ్చి వచ్చాను" అన్నారట.

"అంత గొప్పగా ఎవరూ పాడగా నేను వినలేదమ్మా" అన్నారు తాతగారు. "ఈ రోజు వరకూ వినలేదు. పద్యం అయ్యేసరికి హాలు దద్దరిల్లిపోయింది. వన్స్ మోర్, వన్స్ మోర్ అని. నేను పద్ధతి ప్రకారం వెనక్కి తిప్పాను."

రెండోసారి మూడో పాదంలో యజ్ఞనారాయణ గారి గొంతు ఆగిపోయింది. పైకి లేవలేదు. జనం గుసగుసలు మొదలెట్టారు. ఆయన గొంతు సవరించుకుని, హార్మోనియం ఆయనతో శ్రుతి దించమని చెప్పి, మిగిలిన పద్యం కింది శ్రుతిలో ఎలాగో పూర్తిచేశారు. పోటీల్లో శ్రుతి దించితే ఓడినట్టే. బహుమతి ఇంకొకరికి పోయింది.

"కిందికి దిగి నా దగ్గరికే వచ్చారు. ‘మొదట పాడింది ఎక్కిందిగా అబ్బాయ్?’ అన్నారు. అంత మనిషి, ముఖం చిన్నబుచ్చుకుని. ‘ఎక్కిందండి’ అన్నాను. ‘అయితే చాలు. మా పిల్ల వినేది అది’ అన్నారు."

ఆదివారం బసవేశ్వరరావు గారు మిషనుతో బాపట్ల వెళ్ళి వినిపించాలని అనుకున్నారు. శనివారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు బాబూలాల్ ఆ తీగ కొసని పట్టుకుని నాలుగు బారలు లాగి వదిలేశాడు. ఆ తీగ గుణం అదే. ఒకసారి వదులైతే దానంతటదే చుట్టుకుపోతుంది. యజమాని తిట్టి, పారేయమన్నారు. అతను పారేయలేదు. యజ్ఞనారాయణ గారికి గొంతులో వచ్చింది జబ్బు. మరుసటి ఏడాది దాటకుండానే పోయారు. మొదటిసారి పాడిందే తీగ మీద ఉందనుకుంటూ పోయారు.

"ఆయనకి అబద్ధం చెప్పాను. ఆ పిల్లకీ అదే చెబుతూ వచ్చాను. చిక్కు తీస్తే ఏం వినిపిస్తుంది? వాళ్ళ నాన్న ఓడిపోవడం వినిపిస్తుంది. చెవి పోయే ముందు ఆఖరికి ఆ అమ్మ వినాల్సింది అదా?"

మామ్మగారే అన్నారు. "ఏం వినాలో ఆమె చెబుతుంది. చెవి ఆమెది. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు. అదీ చెవి ఉండగానే చెప్పు."

మర్నాడు పొద్దున్న తాతగారే డబ్బా పట్టుకుని మా వరండాలోకి వచ్చారు.

రెండు నెలల పైన పట్టింది. నల్ల లైనింగు గుడ్డ పరుచుకుని, దాని మీద తీగ పెట్టుకుని కూర్చునేదాన్ని. నూలు చిక్కు అయితే తడిపి మెత్తబరచవచ్చు. ఉక్కు మాట వినదు. లాగితే బిగుస్తుంది, మెలిక పడిన చోట విరుగుతుంది. మా అమ్మ నేర్పినట్టు, చిక్కుని లాగకుండా విదిలించి, ఎక్కడ వదులు ఇస్తుందో అక్కడ నుంచే తీసుకుంటూ వచ్చాను. తీసినంత మేరా పేరాల నుంచి తెచ్చుకున్న రెండు కండెలకు చుట్టాను. వేలికి కోతలు పడితే మామ్మగారు పసుపు అద్దేవారు. అత్త మాత్రం, "చీరలు పేరుకుపోతున్నాయి, ఇక్కడ ఇనుప మగ్గం పెట్టుకుని కూర్చుంది" అని దెప్పేది. దెప్పుతూనే కాఫీ ఇచ్చేది.

తెగిన చోట మొదట మేం పోగులకు వేసే ముడే వేశాను. అది నూలు మీద ఆగుతుంది గానీ ఉక్కు మీద జారిపోయింది. తాతగారు పక్కన కూర్చుని, కుడి కొసని ఎడమ దాని మీదుగా, మళ్ళీ ఎడమ దాన్ని కుడి దాని మీదుగా వేసి బిగించడం చూపించారు. కొసలు గోళ్ళ కత్తెరతో దగ్గరికి కత్తిరించాలి. లేకపోతే మిషనులో తట్టుకుంటుంది. ఆయన చెయ్యి వణుకు వల్ల ఒక్క ముడీ నిలవలేదు. అన్నీ నేనే వేశాను. మొత్తం పదిహేడు ముడులు.

ఈలోపు ఆయన మిషను విప్పి కండెన్సర్లు మార్చారు, ఎండిపోయిన రబ్బరు చక్రానికి సైకిలు ట్యూబు తొడిగారు. ఉత్త తీగ ఒకటి వేసి నడిపి చూశారు. అసలు తీగ మాత్రం వేయలేదు.

"ఒకసారి వినండి తాతగారూ, ఉందో లేదో తెలుస్తుంది" అన్నాను.

"ముందు ఆమె వినాలి" అన్నారు.

ఆశ్వయుజంలో ఒక బుధవారం బాపట్ల వెళ్ళాం. మిషను ఆటోలోకి ఎక్కిస్తుంటే మామ్మగారు గుమ్మంలో నిలబడి, "సవతితో షికారు వెళ్తున్నాడు చూడమ్మా, ఈ వయసులో" అన్నారు. తరవాత నా చెవిలో, "తిరిగొచ్చేటప్పుడు కాస్త కనిపెట్టి ఉండు" అన్నారు. రైల్లో తాతగారు ఆ బరువంతా ఒళ్ళోనే పెట్టుకున్నారు. సీటు మీద పెట్టమన్నా వినలేదు.

సీతాలక్ష్మి గారి ఇంట్లో ముందు గదిలో బల్ల ఖాళీ చేసి ఉంచారు. పట్టుచీర కట్టుకున్నారు. తాతగారు మిషను వెంటనే పెట్టలేదు. ఆవిడ పక్కన కూర్చుని, తల వంచుకుని, మొదలుపెట్టి చివరిదాకా చెప్పారు. వన్స్ మోర్ సంగతి, వెనక్కి తిప్పిన సంగతి, ఆయనతో చెప్పిన అబద్ధం, శనివారం తీగ లాగిన సంగతి. చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

ఆవిడ చిరునవ్వుతోనే చూస్తున్నారు. "ఆ వైపు వినపడదండీ. ఇటు వచ్చి చెప్పండి" అన్నారు.

తాతగారు నా వైపు చూశారు. నేను కుర్చీ జరిపి ఆవిడ కుడిపక్కన వేశాను. ఆయన లేచి వచ్చి కూర్చుని, అదంతా మళ్ళీ చెప్పారు. ఈసారి గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి తల వంచుకోలేదు. ఆవిడ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూశాను.

"అరవై మూడేళ్ళు" అన్నారావిడ. "ఏటా ఫోను చేస్తే చిక్కు పడిందనేవారు."

"అవునమ్మా."

"చిక్కు మీరే వేశారా?"

"అవునమ్మా."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. వంటింట్లో కుక్కరు కూత వేసింది. లేచి వెళ్ళి ఆపి వచ్చారు. మమ్మల్ని వెళ్ళమంటారేమో అనుకున్నాను. వచ్చి, బల్లకి దగ్గరగా కుర్చీ లాక్కుని, కుడిచెవి మిషను వైపు పెట్టి, "పెట్టండి" అన్నారు.

ముందు బర్రుమని చప్పుడు. తరవాత జనం గోల. "వన్స్ మోర్! వన్స్ మోర్!" హార్మోనియం. ఆ గోల మీదుగా ఒక గొంతు లేచింది. అబ్బ, ఎంత పైకి లేచిందో. నా ముడులు వచ్చిన చోటల్లా ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అందుకుంది. సీతాలక్ష్మి గారి ముఖం చూశాను. ఎవరో పెద్దమనిషి ఇంటికి వస్తే వింటున్నంత మర్యాదగా వింటున్నారు. అంతే.

మూడో పాదం దగ్గర గొంతు తెగింది. తీగ తెగలేదు, గొంతే తెగింది. తాతగారు కళ్ళు మూసుకున్నారు. జనంలో గుసగుస. ఆ తరవాత ఎవరో గొంతు సవరించుకున్నారు, రెండుసార్లు చిన్నగా.

ఆవిడ చెయ్యి బల్ల మీద కదిలింది.

"కొంచెం దించవయ్యా" అంది తీగ మీది మనిషి మాట. హార్మోనియం కిందికి దిగింది. పద్యం మళ్ళీ మొదలైంది. ఈసారి రాగాలు లేవు, గాలి చాలక మధ్యమధ్య ఆగుతూ, ఎదురుగా ఒక్కరే కూర్చుని ఉంటే చెబుతున్నట్టు. ఆఖరి మాటతో జనం చప్పట్లు కొట్టలేదు. బర్రుమనే చప్పుడు మిగిలింది. తాతగారు మిషను ఆపారు.

"క్షమించమ్మా" అన్నారు. "మొదటిది నువ్వు వినుంటే..."

"మొదటిది అక్కర్లేదు" అన్నారావిడ. "ఆ స్టేజీ మీది గొంతంటే నాకు చిన్నప్పుడు భయం. ఎవరో అనుకునేదాన్ని. నాటకానికి తీసుకెళితే అమ్మ కొంగు కప్పుకునేదాన్ని. పోటీకి వస్తానని ఏడ్చింది రైలెక్కాలని." ఆగి ఊపిరి తీసుకున్నారు. "అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. బడికి వెళ్ళేముందు నాకు జడలు నాన్నే వేసేవారు. ఇదే పద్యం, ఇదిగో ఇలాగే, కింద గొంతుతో. మూడో పాదానికి ఒక జడ, పద్యం అయ్యేసరికి రెండోది. ఈ గొంతు ఎలా ఉండేదో మరిచిపోయానండీ. ఎంత తలుచుకున్నా రాలేదు."

ఆవిడ చెయ్యి తల వెనక్కి వెళ్ళింది. నెరిసిన చిన్న ముడిని తడుముకుని, అక్కడే ఉండిపోయింది.

తాతగారు కళ్ళద్దాలు తీసి లుంగీతో తుడిచారు. పెట్టుకోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నారు.

"మీ మీద కోపం పోలేదు" అన్నారు సీతాలక్ష్మి గారు, ఆయన వైపు చూడకుండా. "ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. రెండు చెవులతో వినేదాన్ని."

"అవునమ్మా" అన్నారు తాతగారు.

ఆవిడ మళ్ళీ కుడిచెవి మిషనుకి ఆనించి, ఒక వేలు ఎత్తి చూపించారు. ఇంకొకసారి.

తీగ వెనక్కి తిప్పాలి. తాతగారి చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగింది. ఆ మీట పక్కనే, మాటలు ఎక్కించేందుకు తిప్పే నల్ల గుండీ ఉంది. ఆయన అరచేయి వెడల్పు చేసి ఆ గుండీ మొత్తం కప్పేసి, గట్టిగా అదిమి పట్టుకున్నారు.

"నువ్వు తిప్పమ్మా అనుపమా" అన్నారు నాతో. "నా చెయ్యి ఇక్కడే ఉంటుంది."